మా యాడి కిటికీలు మూయనన్నది: ఒక పెద్ద టీవీ కొన్న ముచ్చట



మనం ఇక్కడ ఎక్కువగా స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతది, మెస్ ఛార్జీలు, నోటిఫికేషన్లు, పోడు పట్టాలు, ఇవే రాసుకుంటం. నేను ఇయ్యాల టీవీ గురించి రాస్తున్న. నవ్వకుండి. మూడు నెలల నుంచి మా ఇంట్లో నడిచిన పంచాయితీ ఇదే. దీంట్లో నేను నేర్చుకున్నది మీకు కూడా పనికొస్తదని అనిపించింది. గల్ఫ్‌లో అన్నో, బావో, బాబాయో ఉన్న ఇల్లు మన దగ్గర ఏ తండాలో లేదు చెప్పండి? ఇల్లు కట్టినంక ఫస్ట్ అడిగేది పెద్ద టీవీనే.

నాకు ఇరవై ఏండ్లు. నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్న. మాది జక్రాన్‌పల్లి మండలం, హైవే దిగి లోపలికి పోతే వచ్చే తండా. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. అందుకే ఏ కాగితం వచ్చినా, ఏ వస్తువు కొన్నా "చదువుకున్నోడు చెప్పనీ" అంటరు. పురుగుల మందు డబ్బా మీద రాసింది నేనే చదవాలె, బ్యాంకు మెసేజ్ నేనే చదవాలె. కానీ లక్ష రూపాయలు దాటిన వస్తువు నన్ను ఎన్నుకోమన్నది ఇదే మొదటిసారి. ఆ పైసలు నావి కావు. మా భియా దుబాయిలో ఏసీ పని చేసి పంపినవి. తప్పుది కొంటే ఆయన నాలుగు నెలల కష్టం గోడకు వేలాడుతది.

మా తాత కాలంలో చెరుకు నరకడానికి బోధన్ దిక్కు పోయేటోళ్లట. 1930ల చివర్లో మొదలైన ఆ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. మా బాకు ఉన్నది రెండెకరాలు. మక్క, పసుపు వేస్తం. పసుపు ధర ఒక ఏడు నవ్విస్తే రెండేండ్లు ఏడిపిస్తది. 2025 జనవరిలో పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది, సంతోషమే. కానీ మా భియా దానికోసం ఆగలేదు, 2019లోనే పోయిండు. ఏజెంటుకు కట్టిన అప్పు తీరడానికే రెండేండ్లు పట్టింది. ఆ తర్వాత మెల్లగ ఇల్లు మొదలుపెట్టినం.

పాత ఇంట్లో కిటికీ లేదు. రేకుల ఇల్లు, లోపలనే పొయ్యి, పొగంతా కండ్లల్లోకి. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేస్తేనే బియ్యంలో రాళ్లు కనబడేవి. కరెంటు పోతే యాడి చాట పట్టుకొని గడప మీద కూర్చునేది. అందుకే కొత్త ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి ఆమె చెప్పింది ఒక్కటే మాట, "వెలుతురు రావాలె." టైల్స్ ఏ రంగు, తలుపు ఏ కట్టె, ఏదీ అడగలేదు. హాలు 14 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడుగు. ముందు తలుపు తూర్పుకు. పడమటి గోడకు నిలువెత్తు కిటికీలు రెండు. పొద్దున నుంచి సాయంత్రం దాకా లైటు అవసరం లేదు. యాడి ఇప్పుడు ఆ కిటికీల దగ్గరనే కూర్చొని పప్పులు చెరుగుతది, బట్టలు కుట్టుకుంటది, మధ్యాహ్నం అక్కడనే ఒరుగుతది.

ఆగస్టు చివర్లో భియా ఫోన్ చేసి, "అరే, 75 ఇంచుల టీవీ చూడు. ఓఎల్ఈడీ. అన్నిట్లకు మంచిది అదేనట. లక్షన్నర పంపిస్త" అన్నడు.

నిజం చెప్తున్న, నాకు కోపం వచ్చింది. ఇంట్లో బోరు మోటర్ మూడోసారి కాలింది. నేను పీజీ ఎంట్రెన్స్ కోచింగ్ అడగాలా వద్దా అని నెల నుంచి మనసులో నలుగుతున్న. ఈయనేమో గోడంత టీవీ అంటున్నడు. "43 ఇంచులు చాలు భియా, మనకెందుకు అంత పెద్దది?" అన్న.

అటు దిక్కు కొద్దిసేపు సప్పుడు లేదు. తర్వాత చెప్పిండు. ఒక విల్లాకు ఏసీ రిపేరుకు పోయిండట. హాల్లో గోడంత టీవీ, మ్యాచ్ వస్తున్నది. ఈయన నిచ్చెన మీద నిలబడి పని చేసుకుంటనే రెండు ఓవర్లు చూసిండట. "ఎవ్వరు ఏమనలే రా. కానీ కూర్చోమని కూడా అనలే. నా ఇంట్ల నేను కూర్చొని చూస్త. గంతే."

నేను ఇంక 43 మాట ఎత్తలేదు.

మరుసటి ఆదివారం బా నేను కలిసి నిజామాబాద్‌లో ఒక పెద్ద షోరూంకు పోయినం. బా తలకు రుమాలు, కాళ్లకు పాత చెప్పులు. సేల్స్ అబ్బాయి మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, ఏమీ అడగకముందే ఒక మూలకు తీసుకపోయిండు. "మీకు 43 సరిపోతది, ఆఫర్ కూడా ఉంది" అన్నడు. అచ్చం నా మాటే. మా అన్నకు నేను చెప్పింది ఇదే కదా అని నాకు సిగ్గనిపించింది. ఆయన మా బట్టలు చూసి అన్నడు, నేను మా ఇంటిని చూసి అన్న. తేడా ఏముంది?

75 కావాలన్నంక లోపల ఒక చీకటి గదికి తీసుకపోయిండు. నల్లటి గోడలు, లైట్లు లేవు. తెరల మీద సముద్రం, రంగు చేపలు, రాత్రి పూట పట్నం. ఓఎల్ఈడీ చూస్తే నోట మాట రాలేదు. నలుపు అంటే నలుపే, తెర ఉన్నదా లేదా అన్నట్టు. బా కూడా "బాగున్నది" అన్నడు. అక్కడనే అడ్వాన్స్ ఇచ్చేటోళ్లమే. కానీ బయటికి వచ్చి ఎండలోకి అడుగు పెట్టంగనే కండ్లు చెదిరినయి. అప్పుడు అనుకున్న, మా హాలు ఈ షోరూం లెక్క ఉండదు, ఈ బయట లెక్క ఉంటది కదా అని.

హాస్టల్‌కు వచ్చి చదవడం మొదలుపెట్టిన. నాది ఫిజిక్స్ కాబట్టి లెక్క వేసుకోగలిగిన. మీకు వచ్చినంత సులువుగా చెప్తా.

టీవీ వెలుగును నిట్లల్లో కొలుస్తరు. ఒక చదరపు మీటరు తెర నుంచి ఎంత వెలుగు వస్తదో చెప్పే లెక్క అది. గదిలో పడే వెలుతురును లక్స్‌లో కొలుస్తరు. ఫోన్లో లైట్ సెన్సర్ ఉంటది కాబట్టి ఒక యాప్ వేసుకుంటే రమారమి తెలుస్తది. మామూలు అద్దం తనమీద పడ్డ వెలుగులో దాదాపు నూటికి నాలుగు వంతులు వాపసు కొడుతది. నాలుగే కదా అనిపిస్తది. పొద్దున ఎండ మా కిటికీ అవతల పక్కింటి తెల్ల గోడ మీద పడుతది. ఆ ఎండ 50,000 లక్స్ అనుకుంటే, ఆ గోడ వెలుగు 11,000 నిట్లు దాటుతది. దాంట్లో నూటికి నాలుగంటే 440 నిట్లు. టీవీ మామూలుగా చూపించే బొమ్మ కూడా మూడు, నాలుగు వందల నిట్లే ఉంటది. అంటే తెర మీద సినిమా ఎంత కనబడుతదో, పక్కింటి గోడ కూడా అంతే కనబడుతది. మంచి పూత ఉన్న తెరలు ఈ ప్రతిబింబాన్ని తగ్గిస్తయి, కానీ పూర్తిగా పోగొట్టలేవు.

ఇంకొకటి. ఓఎల్ఈడీలో ప్రతి చుక్క తనంతట తనే వెలుగుతది, ఆరిపోతది. అందుకే ఆ నలుపు. కానీ తెరంతా తెల్లగ వెలగాల్సి వస్తే వేడి, కరెంటు ఎక్కువ కాకుండా తనే వెలుగు తగ్గించుకుంటది. క్రికెట్ గ్రౌండు, తెల్ల బోర్డు మీద పాఠం, ఇట్లాంటివి పగటిపూట కొంచెం మబ్బుగా అనిపిస్తయి. వెలుతురు గదిలో ఆ గొప్ప నలుపు మీద కిటికీ వెలుగు పడితే అది నలుపుగా ఉండదు, బూడిద రంగైతది. మనం దేనికి ఎక్కువ పైసలు పెడుతున్నమో అదే పగలు కనబడకుండా పోతది. పైగా మా బా పొద్దంతా న్యూస్ ఛానల్ పెట్టి ఉంచుతడు. కింద పట్టీ, మూలన లోగో కదలవు. ఏండ్ల తరబడి అట్లనే ఉంటే ఓఎల్ఈడీలో ఆ మచ్చ ఉండిపోయే ప్రమాదం ఉంది.

మినీ ఎల్ఈడీ అనేది వేరే రకం. అది ఎల్‌సీడీనే, కానీ తెర వెనక చిన్న చిన్న ఎల్ఈడీ దీపాలు వందలు, వేలు ఉంటయి. వాటిని గుంపులు గుంపులుగా వెలిగిస్తరు, ఆర్పుతరు. తెరంతా బాగా వెలుగుతది. లోపం కూడా ఉంది. రాత్రి నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వస్తే చుట్టూ సన్నగా పొగ లెక్క వెలుగు కనబడుతది. క్యూఎల్ఈడీ అన్న పేరు చూసి ఓఎల్ఈడీ అనుకోకండి. ఒక్క అక్షరమే తేడా, కానీ క్యూఎల్ఈడీ కూడా ఎల్‌సీడీనే, రంగుల కోసం ఒక పొర ఎక్కువ ఉంటది.

ఇది చదివినంక షోరూం వాళ్లను ఫోన్లో అడిగిన. "వెలుతురు ఎక్కువైతే మందం కర్టెన్లు వేసుకోండి, అందరూ అట్లనే చేస్తరు" అన్నరు. నాకు కూడా సబబే అనిపించింది. ఎందుకంటే నేను చదువుకున్నది కూడా చీకటి చేసుకొనే.

2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైనయి, యాదికుందా? నాది అప్పుడు పదో తరగతి. బడి, హాస్టల్ బంద్. మా వాడకట్టులో ఒకరింట్లోనే డబ్బా టీవీ ఉండేది. పది మందిమి తలుపు ముందు కూర్చునేటోళ్లం. తలుపులోంచి వెలుతురు పడి తెర మీద మా మొఖాలే కనబడేవి, సార్ రాసిన లెక్క కనబడేది కాదు. ఆ ఇంటి కాకా తలుపుకు గోనె సంచి కట్టిండు. అప్పుడు కనబడ్డది. చెమటలు కక్కుకుంట, ఆ చీకట్లో త్రికోణమితి రాసుకున్న. అందుకే కర్టెన్ మాట నాకు తప్పనిపించలేదు.

ఇంటికి పోయి యాడికి చెప్పిన. ఆమె చేతిలో చాట పక్కన పెట్టి, "కిటికీ మూసుడైతే కిటికీ ఎందుకు పెట్టుకున్నం?" అన్నది. నేను వాట్లు, నిట్లు చెప్తుంటే మొత్తం విని, "నువ్వు చదువుకున్నవు, నాకు తెల్వదు. కానీ నేను ముప్పై ఏండ్లు చీకట్ల వండిన. మల్ల టీవీ కోసం చీకటి చేసుకోను" అన్నది. అంతే. లేచి పోయింది.

రాత్రి భియాకు ఫోన్ చేసిన. ఆయన నా దిక్కు మాట్లాడతడనుకున్న. ఎందుకంటే ఓఎల్ఈడీ కావాలన్నది ఆయనే. ఆయన నవ్విండు. "మేం ఎనిమిది మందిమి ఒక్క రూంల. ఉన్న ఒక్క కిటికీకి ఏసీ బిగించిన్రు. బిగించింది మేమే. పగలా, రాత్రా, లైటు వేస్తే తప్ప తెల్వదు. యాడి కిటికీలు మూయకు రా. టీవీ మార్చు."

ఆ మాటతో లెక్క మారిపోయింది. అప్పటిదాకా నేను టీవీకి తగిన గదిని తయారు చేద్దామని చూస్తున్న. చేయాల్సింది ఆ గదికి తగిన టీవీని వెతకడం.

మొదటి పని, గోడ. మేస్త్రీ తూర్పు గోడకు టీవీ కోసం ఒక గూడు కట్టి, వైర్లు లాగి పెట్టిండు. సరిగ్గా పడమటి కిటికీలకు ఎదురుగ. నేను అల్మారా అద్దం విప్పి తెచ్చి ఆ గూట్లో పెట్టిన. మనం కూర్చునే జాగలో కూర్చొని ఆ అద్దంలో ఏం కనబడుతదో చూసిన. అద్దంలో కిటికీ కనబడితే రేపు టీవీలో కూడా కనబడుతది. పొద్దున 8 గంటలకు, 12 గంటలకు, సాయంత్రం 4, 5 గంటలకు చూసి ఫోటోలు తీసిన. పొద్దున పక్కింటి గోడ మెరుస్తున్నది. సాయంత్రం ఎండ నేరుగా అద్దం మీదనే పడుతున్నది. ఆ గోడకు ఎన్ని లక్షల టీవీ పెట్టినా వేస్ట్. పడమటి గోడకు, రెండు కిటికీల నడుమ పెడదామంటే వెలుగు ఎదురుగ కండ్లల్లో కొడుతది. మిగిలింది ఉత్తరం గోడ. దానికి ఎదురుగ ఉన్నది లోపలి గోడ, కిటికీ లేదు. అద్దం అక్కడ పెడితే గదే కనబడ్డది. తూర్పు గోడకు ఆనుకొని కూర్చుంటే మాత్రం ఒక కిటికీ అంచు కనబడ్డది. అది తట్టుకోవచ్చు.

మేస్త్రీ కట్టిన గూడు వెడల్పు ఐదడుగులు. 75 ఇంచులు అంటే మూల నుంచి మూలకు కొలత, అడ్డం దాదాపు ఐదున్నర అడుగులు, నిలువు మూడడుగుల పైన. అంటే ఎట్లనైనా ఆ గూట్లో పట్టకపోయేది. మీరు కూడా కొనేముందు టేపు పెట్టి గోడ మీద చాక్‌పీస్‌తో గీసుకోండి. నేను గీసినంక మా బా దూరం నుంచి చూసి, "ఇంత పెద్దదా" అని నోరు తెరిచిండు.

దూరం సంగతి. 75 ఇంచులకు పది అడుగుల దూరం బాగుంటది, 65కు తొమ్మిది అడుగులు. ఉత్తరం గోడ నుంచి మాకు 18 అడుగులు ఉన్నది కాబట్టి 75 సరిపోయింది. భియా కోరిక తప్పేం కాదని లెక్క కూడా చెప్పింది. ఎత్తు మాత్రం ఎవ్వరూ చెప్పరు. అందరూ సోఫా లెక్క చెప్తరు. మనం కింద చాప వేసుకొని కూర్చుంటం. కండ్లు నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటయి. మేస్త్రీ ప్లగ్గు ఐదున్నర అడుగుల ఎత్తున పెట్టిండు. అట్ల పెడితే రోజూ మెడలు పట్టేసేవి. మేము తెర నడిమి భాగం మూడున్నర అడుగుల దగ్గరికి దించినం.

ఈ నడుమ భియా ఇంకో మాట అడిగిండు, "నేను వచ్చేటప్పుడు ఇక్కడనే కొని తేనా?" అని. మన పెద్దోళ్లు దుప్పట్లో చుట్టి టీవీలు తెచ్చిన రోజులు ఉండె. 2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ టీవీలకు ఆ మినహాయింపు తీసేసిన్రు. రూపాయి బాగా పడిపోయిన రోజులవి. అప్పుడు పెట్టిన సుంకం నూటికి 36 రూపాయల పైన. పైగా అక్కడ కొన్నదానికి చాలా కంపెనీల వారంటీ ఇక్కడ చెల్లదు. 75 ఇంచుల తెర విమానంలో పగలకుండా రావడం ఇంకో కథ. వద్దన్న.

దసరాకు ముందే కొందామని బా తొందర పెట్టిండు. నేను ఆపిన. సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ చెప్పింది, 32 ఇంచులు దాటిన టీవీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గుతదని, 22 నుంచి అమలని. పన్ను లేకుండా లక్ష ఉన్న టీవీకి 1,28,000 కట్టేది 1,18,000 అయితది. పది వేలంటే మా బాకు ఎన్ని కూలీ రోజులో లెక్క కట్టి చెప్పిన. ఆగిండు.

దసరా పోయినంక మళ్లీ పోయినం, ఈసారి వేరే షాపుకు. నేను ముందే నాలుగు అడుగుదామని రాసుకొని పోయిన. ఒకటి, చీకటి గదిలో కాదు, ముందర అద్దాల దగ్గర వెలుతురులో పెట్టిన టీవీలు చూపించమన్న. రెండు, షాపుల్లో డెమో మోడ్ అని పెడతరు, వెలుగు, రంగులు అన్నీ ఎక్కువ చేసి ఉంచుతరు. అది తీసి ఇంట్లో వాడే మోడ్‌లో చూపించమన్న. మూడు, చేపల వీడియో ఆపి మామూలు న్యూస్ ఛానల్ పెట్టమన్న. మనం చూసేది అదే కదా. హెచ్‌డీ కాని ఛానల్ అంత పెద్ద తెర మీద అలుక్కపోయినట్టు కనబడుతది. దాన్ని ఏ టీవీ ఎంత బాగా సర్దుతదో అక్కడనే తేలుతది. నాలుగు, తెర బంద్ చేయించి ఫోన్ టార్చ్ కొట్టి చూసిన. కొన్నిట్లో టార్చ్ సూదిమొన లెక్క మెరిసింది, కొన్నిట్లో చెదిరిపోయింది.

ఐదోది మా బా చేసిండు. నేను నిలబడి చూస్తుంటే ఆయన పోయి ఒక పక్కకు నేల మీద కూర్చున్నడు. ఆ నున్నటి టైల్స్ మీద, అందరూ చూస్తుండంగ. సేల్స్ అబ్బాయి ఉరికొచ్చి "కుర్చీ తెస్తా సార్" అన్నడు. బా "ఇంట్ల గిట్లనే కూసుంటం బాబూ, గిట్లనే చూడాలె" అన్నడు. నాకు రెండు నిమిషాలు తల ఎత్తబుద్ధి కాలేదు. తర్వాత నేను కూడా పోయి పక్కన కూర్చున్న. పక్క నుంచి, కింది నుంచి చూస్తే రెండు మోడళ్లలో రంగులు వెలిసినట్టు కనబడ్డయి. ఎదురుగ నిలబడి చూస్తే అవే అన్నిటికన్న బాగున్నయి. మ్యాచ్ ఉన్న రోజు మా ఇంటికి పదిహేను మంది వస్తరు, అందరికీ ఎదురుగ జాగ దొరకదు. పక్క నుంచి కూడా రంగు పోకుండా ఉండే పొర ఉన్న మినీ ఎల్ఈడీ ఒకటి అక్కడ ఉన్నది. బా దాన్ని చేత్తో చూపించిండు. నేను వారం రోజులు చదివిన దాంట్లో ఈ ముచ్చటకు అంత విలువ ఇయ్యలేదు. ఆయన కింద కూర్చొని తేల్చిండు.

75 ఇంచులు, మినీ ఎల్ఈడీ, 1,24,000 రూపాయలు. ఉత్తరం గోడకు వైరింగ్ మార్చడానికి, ఎర్తింగ్ గుంత తీయించడానికి ఆరున్నర వేలు. ఎర్తింగ్ వదిలేయకండి. చాలా టీవీలు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటయి, కానీ పిడుగుకు తట్టుకోవు. ఉరుముల రోజు ప్లగ్గుతో పాటు డిష్ వైరు కూడా పీకాలె, చాలామంది అది మర్చిపోతరు. డెలివరీ వచ్చినప్పుడు డబ్బా నిలబెట్టే ఉంచండి, పడుకోబెట్టొద్దు. వాళ్ల ముందే విప్పి, తెర వెలిగించి చూసినంకనే సంతకం పెట్టండి. ఇంకా నెట్ సంగతి. 4కే సినిమా గంట చూస్తే దాదాపు 7 జీబీ పోతది. హాట్‌స్పాట్ మీద అది కలనే. మేము ఫోన్ నుంచి హెచ్‌డీలోనే చూస్తున్నం, మంచిగనే ఉంది.

మిగిలిన పంతొమ్మిదిన్నర వేలు వాపసు పంపుతానంటే భియా వద్దన్నడు. "బోరు మోటర్ కట్టించు, ఏమన్న మిగిలితే నీ కోచింగ్ ఫీజుకు పెట్టుకో" అన్నడు. కోచింగ్ మాట నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. యాడి చెప్పిందట. ఆమెకు ఎవరు చెప్పిన్రో నాకు ఇప్పటికీ తెల్వదు.

లోపాలు కూడా చెప్పాలె కదా. రాత్రి సినిమా పేర్లు పడేటప్పుడు తెల్ల అక్షరాల చుట్టూ సన్నటి వెలుగు కనబడుతది. చీకట్లో ఓఎల్ఈడీనే గొప్ప, దాంట్లో అనుమానం లేదు. నవంబర్ వచ్చినంక సాయంత్రం ఎండ కిందికి వాలి, నాలుగున్నర నుంచి గంట సేపు తూర్పు పక్కన కూర్చున్నోళ్లకు తెర మీద మెరుపు వస్తున్నది. ఆ గంట మేము టీవీ బంద్ చేస్తున్నం. యాడికి అది ఎట్లనూ చాయ్ టైం. మేస్త్రీ కట్టిన తూర్పు గూట్లో ఆమె సేవాలాల్ మహారాజ్, మేరామ యాడి ఫోటోలు పెట్టింది. సాయంత్రం ఎండ నేరుగా వాటి మీద పడుతది.

దవాళీకి మేరా అడగడానికి ఆడపిల్లలు దీపాలు పట్టుకొని వచ్చినప్పుడు ఇల్లంతా నిండింది. అందరూ టీవీ ముట్టి చూసిన్రు. మా తండాలో అదే పెద్దది, ఆ గొప్ప నాకు కూడా కొంచెం ఉన్నది, దాచిపెట్టను. కానీ నాకు సంతోషమనిపించింది వేరే రోజు. మా కాకా బిడ్డ ఇప్పుడు పదో తరగతి. ఆదివారం పట్టపగలు వచ్చి, టీ-శాట్ లెక్కల పాఠం యూట్యూబ్‌లో పెట్టమన్నది. కిటికీలు రెండూ బార్లా తెరిచే ఉన్నయి. యాడి తన జాగలో కూర్చొని పప్పు చెరుగుతున్నది. నేను గడప దగ్గర నిలబడి చూసిన. బోర్డు మీది అక్షరాలు అక్కడికి కూడా కనబడ్డయి. పిల్ల గాలి తగులుతుంటే రాసుకుంటున్నది.

భియా ఇంకా రాలేదు. వచ్చే ఎండాకాలం సెలవు దొరుకుతదట. వీడియో కాల్‌లో టీవీ చూపిస్తే ఆయన మొదట అడిగింది, "పగలు కనబడుతుందా?" అని. కనబడుతున్నది అన్న. "అయితే మంచిది. నా జాగ ఎవ్వరికీ ఇయ్యకుండి" అన్నడు. సరిగ్గా పదడుగుల దూరంలో, నడుమ, చాప మీద ఆయన జాగ. ఇప్పటికైతే అక్కడ మా బా కూర్చుంటున్నడు.

మీ ఇంట్లో ఎవరన్న కొనేది ఉంటే షోరూంకు పోకముందు ఒక అద్దం పట్టుకొని మీ గోడలన్నీ తిరగండి. ఇంట్లో పెద్దోళ్లను తీసుకపోండి, వాళ్లను కింద కూర్చొని చూడనీయండి.  తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటా.

జై సేవాలాల్.